క్యాంపర్ ట్రైలర్ వెనక తలుపు: మే ఎండలో చూసి మురిసిపోకండి

ఇంటి దగ్గరే చేయించుకునే చిన్న క్యాంపర్ ట్రైలర్‌కి, అంటే కారు వెనక తగిలించుకుని పోయే పడక, వంటగది బండికి, వెనక వంటగది తలుపు ఎలా పెట్టాలని అడిగారు. నల్గొండలో నేనొకటి చేయించాను. ఒక్క తలుపుకే మూడుసార్లు డబ్బు పోశాను కాబట్టి గట్టిగానే చెప్తా: వీడియోల్లో చూపించే, మొత్తంగా పైకి లేచే ఆ ఒంటి పలక తలుపు మనకొద్దు.

నాది 12 ఎంఎం ప్లైవుడ్, ఇనుప ఫ్రేము, మొత్తం 22 కిలోలు. పాత సామాన్ల షాపులో కారు డిక్కీ గ్యాస్ స్ట్రట్లు, అంటే మూతను పైకి తోసి నిలబెట్టే గ్యాస్ కడ్డీలు, రెండు దొరికాయి. వాటి మీద బలం ఎంతో చెప్పే అంకె చెరిగిపోయింది. "సరిపోతయ్ సార్" అన్నాడు షాపువాడు. మే నెల మధ్యాహ్నం బిగిస్తే తలుపు ఠీవిగా నిలబడింది.

డిసెంబరులో శ్రీశైలం బయల్దేరాం. రాత్రిపూట అడవి దారిలోకి బండ్లు వదలరు కాబట్టి మన్ననూరులో తెలిసినవాళ్ల వాకిట్లో ఆగాం. తెల్లారి చలిలో మా ఆవిడ తలుపు ఎత్తి, పాలు పొయ్యి మీద పెట్టింది. "బావా, తలుపు వంగుతున్నట్టుంది" అన్నాడు బామ్మర్ది. నేను నవ్వాను. ఈలోపు అది మెల్లగా, చప్పుడు లేకుండా దిగి మంట మీదికే వచ్చింది. పాలు ఒలికాయి, ప్లైవుడ్ నల్లబడింది. ఆ పూట మోదుగ కట్టె ఆనించి టీ తాగాం.

స్ట్రట్‌లో ఉండేది గ్యాసే కదా, చలికి దాని ఒత్తిడి తగ్గుతుంది. 43 డిగ్రీల నుంచి 13కి వస్తే దాదాపు పదో వంతు బలం పోతుంది. నా తలుపు అడ్డంగా నిలిచినప్పుడు బరువు కేంద్రం కీలుకి 60 సెంటీమీటర్ల దూరం. స్ట్రట్ తోసే గీత కీలుకి 20 సెంటీమీటర్ల దూరం. లెక్కేస్తే ఒక్కో స్ట్రట్‌కి 325 న్యూటన్లు కావాలి. మీరు 400వి కొనండి, అయినా ఒక ఊతకర్ర పెట్టుకోండి.

అసలు మన బజ్జీల బండివాడికి ఈ బాధే లేదు. పై రెక్క లేస్తే నీడ, కింది రెక్క గొలుసుతో దిగితే బల్ల. నేనూ చివరికి తలుపును రెండుగా కోయించాను. పై రెక్క 9 కిలోలే, ఒక్క కర్రకే ఆగుతుంది.

ఇంకోటి, దుమ్ము. మట్టిరోడ్డు మీద పోతుంటే బండి వెనక గాలి సుడి తిరిగి ఎర్రదుమ్మును లోపలికి లాగుతుంది. తలుపు చుట్టూ మెత్తటి రబ్బరు బీడింగ్ వేయించకపోతే ఉప్పు డబ్బాలో కూడా కొల్లాపూర్ మట్టే. వెల్డర్లు దీన్ని అస్సలు పట్టించుకోరు, పక్కన నిలబడి చేయించుకోవాలి. సిలిండరు పెట్టే అరకి మాత్రం అడుగున రంధ్రాలు ఉండాల్సిందే, వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది.

కాలిన మచ్చ పై రెక్కకి అలాగే ఉంది. మా ఆవిడ దాని మీద గరిటెల స్టాండు బిగించింది.