వీధి చివర కొట్టా, కొత్త మార్టా?

ప్రశ్న: మా వీధి చివర కిరాణా కొట్లో పన్నెండేళ్లుగా మాకు ఖాతా ఉంది. ఈమధ్య దగ్గర్లో పెద్ద మార్టు పెట్టారు. పోయిన నెల మావారు సరుకులన్నీ అక్కడే తెచ్చారు, నాలుగు వందలు ఆదా అన్నారు గానీ మొత్తం బిల్లు ఎప్పటికన్నా ఎక్కువే వచ్చింది. కొట్టాయన ఎదురుపడితే నాకు ఇబ్బందిగా ఉంది. పైగా ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించాలనుకుంటున్నాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ బిల్లు పారేయకపోతే ఒకసారి తీయండి. ఇంటి దగ్గర రాసుకెళ్లినవి ఏవి, అక్కడ చూసి బుట్టలో వేసుకున్నవి ఏవి, పెన్నుతో టిక్కు పెట్టండి, ఆ నాలుగు వందలు ఎటు పోయాయో తెలిసిపోతుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితమని నేనూ ఓసారి రవ్వ తెచ్చాను, రెండో ప్యాకెట్ విప్పేసరికి పురుగు పట్టింది, మొత్తం పారబోశాం. పెద్ద ప్యాకెట్ అయితే చవకే అని కూడా అనుకోకండి. ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తారు, చిన్న ప్యాకెట్ మీదున్న దాంతో పోల్చి చూడండి.

ప్లాస్టిక్ విషయంలో మాత్రం చిన్న కొట్టు కాబట్టి మంచిదే అని నేను చెప్పను. 120 మైక్రాన్లకన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం, అయినా ఆ పల్చటి కవర్లు ఇప్పటికీ చిన్న కొట్లలో కనిపిస్తూనే ఉన్నాయి. కానీ కొట్లో విడి సరుకు దొరుకుతుంది, మీకు కావలసింది అదే. వెడల్పు మూతి స్టీలు డబ్బాలు నాలుగు పట్టుకెళ్లండి. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి, అంకె సున్నాకి వచ్చాక కందిపప్పు పోయమనండి. చింతపండుకీ బెల్లానికీ ఇదే మేలు, కవరుకి అంటుకుని సగం అందులోనే ఉండిపోదు. మొదటి రెండుసార్లు ఆయన విసుక్కోవచ్చు, తర్వాత అలవాటైపోతుంది. కూరగాయలకి రైతు బజారు ఉండనే ఉంది, 1999 నుంచి నడుస్తున్నవే, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, సంచి మీదైతే చాలు.

సబ్బులు, షాంపూలు, బట్టల పొడి మార్టులో నిజంగానే తక్కువకి వస్తే అక్కడే కొనండి, అందులో తప్పేమీ లేదు. కొట్టాయన్నీ అడగండి, ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు గానీ తగ్గించి ఇవ్వొచ్చు, నెల సరుకు మొత్తం ఒకేసారి తీసుకునేవాళ్లకి చాలామంది తగ్గిస్తారు కూడా.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. జీతం రాగానే నగదు పట్టుకుని మార్టుకి వెళ్లడం, ఇరవయ్యో తారీఖు దాటాక చేతిలో డబ్బుల్లేక కొట్లో ఖాతా రాయించడం. ఆయన కూడా సరుకు డబ్బులు పెట్టే తెచ్చుకోవాలి కదా. మీవారికి ఈ మాట గట్టిగా చెప్పండి. ఈ నెల పాత బాకీ మొత్తం కట్టేసి, పప్పుల డబ్బాలు అదే రోజు పట్టుకెళ్లండి, ఎదురుపడటానికి ఇబ్బందేమీ ఉండదు.