అమ్మాయికి నానోసైన్సా, బయోకెమిస్ట్రీయా?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. వేసవిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మూర్ఛ రోగుల రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పని నేర్చుకుంది. అప్పటి నుంచి ఎమ్మెస్సీ కూడా బయోకెమిస్ట్రీలోనే చేసి నరాల జబ్బుల మీద పనిచేస్తానంటోంది. నాకేమో ఎమ్మెస్సీ నానోసైన్స్‌లో చేర్పించాలని ఉంది. మా ఆఫీసులో ఒకరి అబ్బాయి అదే చదివి జర్మనీ వెళ్లాడు. ఈ రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? రక్తపరీక్షలు చేసుకుంటూ ఉండిపోతే రేపు సంబంధాల వాళ్లకు ఏమని చెప్పాలి?

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ, ఆ తరవాత బయోఇన్ఫర్మాటిక్స్, ఇప్పుడు నానో: కోర్సు పేరు మారుతుంది తప్ప అడిగేవారి ఆందోళన మారదు. మీరు అడిగింది రెండు కోర్సుల పోలికే అయినా, చదువు పూర్తయ్యాక అమ్మాయి చేతిలో పని లేకుండా మిగిలిపోతుందేమో, నలుగురిలో చులకన అవుతామేమో అన్న భయం మీ చివరి వాక్యంలో ఉంది. ముందుగా దానికే జవాబు చెబుతాను.

మీరు తేలిగ్గా రాసేసిన ఆ రక్తపరీక్ష ఎలాంటిదో ఒక్క ఉదాహరణలో చూడండి. ఫెనిటాయిన్ 1938 నుంచి తెలిసిన మూర్ఛ మందు. రక్తంలో అది సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. దాన్ని విచ్ఛిన్నం చేసే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే ఉంటుంది కాబట్టి, ఆ హద్దు దగ్గరపడ్డాక రోజుకు 300 మిల్లీగ్రాముల మోతాదును 400 చేస్తే రక్తంలో మందు మూడో వంతు పెరిగి ఆగదు, రెట్టింపును కూడా దాటిపోవచ్చు. అప్పుడు రోగి నడక తూలుతుంది, కనుగుడ్లు నిలకడ లేకుండా కదులుతాయి, ఇంట్లోవాళ్లు జబ్బే ముదిరిందనుకుంటారు. పైగా రక్తంలో ఈ మందు దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. మెదడును చేరి పనిచేసేది మిగిలిన పదో వంతే. ఆల్బుమిన్ పడిపోయిన మనిషిలో రిపోర్టు మీద అంకె మామూలుగానే ఉన్నా, విడిగా తిరిగే మందు ఎక్కువై విషలక్షణాలు రావచ్చు. నమూనాను తరవాతి మోతాదుకు ముందే తీశారా అని అడిగి, ఆల్బుమిన్ విలువను పక్కన పెట్టుకుని చూసే మనిషి ల్యాబ్‌లో ఉంటేనే ఆ సంగతి వైద్యుడి దాకా వెళుతుంది. మీ అమ్మాయి వేసవిలో చూసి వచ్చింది ఈ పనినే.

విల్సన్ వ్యాధి కూడా అలాంటిదే. రాగి శరీరం నుంచి బయటికి పోక కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. వయసులో ఉన్న పిల్లలకు చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, ఒక్కోసారి దాన్ని మానసిక సమస్యగా పొరబడతారు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్, ఒక రోజు మూత్రంలో రాగి కొలిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. 1956లో వచ్చిన పెన్సిలమిన్‌తో మొదలై దీనికి మందులు ఉన్నాయి, అవి వేళకు పడితే మనిషి కోలుకునే అవకాశం బాగా ఉంది. మీరుంటున్న ఊళ్లోనే, హోసూరు రోడ్డులో, మెదడు, మానసిక జబ్బులకు వైద్యం, పరిశోధన చేసే నిమ్‌హాన్స్ ఉంది. అందులో న్యూరోకెమిస్ట్రీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఈ రంగం పాతబడిందనీ అనుకోకండి. 2023లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒక రకం ఏఎల్‌ఎస్ అనే, కండరాలను నడిపించే నరాలు క్షీణించే వ్యాధికి టోఫర్సెన్ అనే మందును త్వరిత పద్ధతిలో అనుమతించినప్పుడు చూపిన ఆధారం రక్తంలో న్యూరోఫిలమెంట్ లైట్ అనే, నరాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ప్రొటీన్ తగ్గడమే. 2025లో అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే మొదటి రక్తపరీక్షకూ అదే సంస్థ అనుమతి ఇచ్చింది.

ఇక నానో గురించి. మిల్లీమీటరులో పది లక్షో వంతు, అంటే నానోమీటరు, కొలతల్లో ఉండే కణాలను చదివే ఆ శాస్త్రం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. గోల్డ్ క్లోరైడ్ కలిపిన లేత పసుపు నీళ్లను మరిగించి సోడియం సిట్రేట్ పోస్తే రంగు మొదట పోయి, ముదురు నీలమై, ఊదాగా మారి, చివరికి కెంపు రంగులో నిలుస్తుంది. ముందు చిన్న చిన్న బీజాలు పుట్టి, వాటి మీద బంగారం చేరుతూ సుమారు 20 నానోమీటర్ల కణాలు పెరుగుతాయి. 1951లో టర్కెవిచ్ ప్రచురించిన ఈ పద్ధతిలో, సిట్రేట్ పాళ్లు మార్చి కణాల పరిమాణాన్ని మార్చవచ్చని 1973లో ఫ్రెన్స్ చూపించాడు. గర్భ పరీక్ష పట్టీలు చాలావాటి మీద కనిపించే ఎర్ర గీత ఇలాంటి బంగారు కణాలదే. చెన్నైలో ఐఐటీ మద్రాసుకు చెందిన ప్రదీప్ బృందం వెండి నానోకణాలతో నీటిలోని పురుగుమందులను తొలగించే ఫిల్టర్ దాకా వెళ్లింది. అక్కడ కనిపించేది రసాయన శాస్త్రంలో ఏళ్ల తరబడి సంపాదించిన పట్టు.

నా సందేహమంతా ‘నానో’ పేరుతో అమ్ముతున్న పట్టాల మీదే. వేప ఆకు రసమో తులసి రసమో సిల్వర్ నైట్రేట్‌లో కలపడం, ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే కణాలు వచ్చాయని రాయడం, ద్రావణం కాంతిని పీల్చుకునే గ్రాఫులో 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఒక శిఖరం చూపడం, బ్యాక్టీరియా చస్తుందో లేదో చూడడానికి దాన్ని పెంచిన పళ్లెంలో నాలుగు గుంటలు పెట్టి ఆ ద్రావణం పోయడం: రెండేళ్ల ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇంతటితో ముగిసిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. కణం ఎందుకు పెరిగింది, ఎందుకు ఆగింది అని అడిగితే వాళ్లు చెప్పలేకపోతున్నారు. ఆ తప్పు పిల్లలది కాదు, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. పరిశోధనకూ అధ్యాపక ఉద్యోగాలకూ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో నానోకు విడిగా పేపరు లేదు. కెమికల్ సైన్సెస్‌లోనో లైఫ్ సైన్సెస్‌లోనో రాయాలి, రెండూ సగం సగం చదివిన విద్యార్థి అక్కడ ఇబ్బంది పడతాడు. బంగారు నానోకణాలతో మెదడు జబ్బులు నయమవుతాయన్న ప్రచారాన్నీ ఆచితూచి నమ్మండి. ఏఎల్‌ఎస్ రోగులకు బంగారు నానోస్ఫటికాల ద్రవాన్ని తాగించి చూసిన హీలీ పరీక్షలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదని 2022లో ప్రకటించారు. పరిశోధన ఇంకా సాగుతోంది. నీళ్లలో నిలకడగా ఉన్న కెంపు రంగు ద్రావణంలో కాస్త ఉప్పు వేస్తే కణాలు గుమిగూడి నీలంగా మారిపోతాయి. రక్తంలోకి వెళితే ఉప్పుతో పాటు ప్రొటీన్లు కూడా కణాన్ని కమ్మేస్తాయి, ఆపైన రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటాలి. ఆ చిక్కు విప్పడానికి కావలసింది రక్తం రసాయనం తెలిసినవాళ్లు. కాబట్టి బయోకెమిస్ట్రీ చదివితే మీ అమ్మాయికి నానో వైపు తలుపు మూసుకుపోదు. పీహెచ్‌డీలో అటు వెళ్లవచ్చు. ఐఐఎస్‌సీ, జక్కూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలు రెండూ మీ ఊళ్లోవే. ప్రవేశ పరీక్షల సంగతి అమ్మాయికి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు మీకు ఒక మాట, కటువుగా ఉన్నా వినాలి. ఉత్తరంలో ఆఫీసులోని వారి అబ్బాయి ఉన్నాడు, జర్మనీ ఉంది, ఇంకా కుదరని సంబంధాల వాళ్లు కూడా ఉన్నారు. అమ్మాయికి ఆ పని ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం లేదు. అడిగారా? ఇరవై ఏళ్ల పిల్ల తన కళ్లతో చూసి, చేతులతో చేసి, ఇది నా పని అని చెప్పడం ఎంత అరుదో మీకు తెలియదు. ఏం కావాలో తెలియని పిల్లలను రోజూ చూస్తున్న నాకు తెలుసు. నలుగురితో పాటు నారాయణా అని ఆమెను మరో దారికి నెట్టడం మీరు ప్రేమతోనే చేస్తున్నా, అది న్యాయం కాదు. పెళ్లి మాట ఈ లెక్కలోంచి తీసేయండి.

జీతం విషయం దాచను. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీతో మొదటి కొన్నేళ్లు వచ్చేది మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల జీతంతో పోల్చేలా ఉండదు, నానో పట్టాతోనూ ఉండదు. అయితే డయాగ్నస్టిక్ ల్యాబులు, మందుల కంపెనీల రక్తంలో మందును కొలిచే (బయోఅనలిటికల్) విభాగాలు, క్లినికల్ ట్రయల్ సంస్థలు ఇటు బెంగళూరులోనూ అటు హైదరాబాదులోనూ ఉన్నాయి. నమూనాలో ఏ పదార్థం ఎంత ఉందో అణువుల బరువును బట్టి తేల్చే మాస్ స్పెక్ట్రోమీటరు మీద చేయి తిరిగిన మనిషికి అక్కడ విలువ ఉంది. ఖాళీగా కూర్చుంటుందన్న భయం మీకు అక్కర్లేదు.

ఏ కాలేజీకైనా అడ్వాన్సు కట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ విభాగానికి వెళ్లండి. నానో అయితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాళ్లకే ఉందా, నమూనాలు బయటికి పంపి ఫొటోలు తెప్పించుకుంటారా అని, బయోకెమిస్ట్రీ అయితే ఎమ్మెస్సీ పిల్లలను యంత్రాల మీద పనిచేయనిస్తారా, ప్రాజెక్టుకు ఆసుపత్రికి పంపుతారా అని కనుక్కోవాలి. కిందటేడు చదువు ముగించిన ఇద్దరు విద్యార్థులతో మాట్లాడిస్తామని వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు కట్టకండి. ఈ ప్రశ్నలన్నీ అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చోండి.