తేదీల చీటీని ఫొటో తీసి పెట్టుకో

చి. అమ్ములుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరి ఏడాది తిరిగిందో లేదో, ఈ-పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులన్నీ ఒకచోట చూపించే వెబ్ పేజీ, చేసి చూపించమన్నారని టెన్షన్ పడుతున్నావు. నువ్వు పంపిన లింకు నొక్కాను. 'పర్మిషన్ కావాలి' అంది. ముందు అది సరిచెయ్యి. నీ ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటాయి, అవి నీవే కాబట్టి. ఎవరికైనా పంపేముందు మీ నాన్న ఫోన్‌లోనో పక్కింటివాళ్ళ ఫోన్‌లోనో ఒకసారి నొక్కి చూడు.

సాయంత్రం నువ్వు పర్మిషన్ ఇచ్చాక మొత్తం చూశాను. మొదటి పేజీలో మన లైబ్రరీ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలు, తర్వాత సర్టిఫికెట్లు పదకొండు, ఆపైన గ్రూప్ ఫొటోలు అరవై దాకా. బాధపడకు గానీ, ఇందులో నువ్వు ఎక్కడా లేవు. ఆ సూత్రాలు చూసేవాళ్ళకి నోటికొచ్చు. ఫొటోల్లో బ్యానర్ కనిపిస్తోంది, పుస్తకం కనిపించడంలేదు.

మన పనితో వచ్చిన చిక్కల్లా అది బయటికి కనపడకపోవడమే. లెక్కల మాస్టారికి మార్కులుంటాయి, పీఈటీకి కప్పులుంటాయి. మనకి? 'ఆవిడకేం, ఫ్యాను కింద కూర్చుని పుస్తకాలిస్తుంది' అనే మాట నేను సర్వీసంతా విన్నాను. ఆ మాటకి జవాబు చెప్పేలా ఉండాలి నీ పోర్ట్‌ఫోలియో.

నాది ఒకటి చెబుతాను. మా స్కూల్లో తెలుగు కథల పుస్తకాలన్నీ 894.827 నంబరు వేసుకుని పై అరలో ఉండేవి. విషయాన్నిబట్టి పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతి ప్రకారం ఏ తప్పూ లేదు. ఆరో తరగతి పిల్లకి చెయ్యి అందదు, అంతే. ఒక పుస్తకం వెనక అతికించిన తేదీల చీటీ, అదే పుస్తకం ఇచ్చినప్పుడల్లా తేదీ ముద్ర వేసే కాగితం, చూస్తే ఆరేళ్ళలో రెండే ముద్రలు. ఆ వరసంతా దించి, కింది అరలో అట్టలు ఎదురుగా కనపడేలా పెట్టాను. సంక్రాంతి సెలవులొచ్చేసరికి అదే చీటీలో జాగా చాలక కింద ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఒకటైతే తలకిందులుగా పడింది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు నా ఫైలంతా గబగబా తిప్పేసి, ఆ చీటీ జిరాక్సు దగ్గర ఆగారు. 'ఇది మీ ఆలోచనేనా అమ్మా?' అన్నారు. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది.

అలాంటివి మూడు పెట్టు, చాలు. నీకు ఏ ఇబ్బంది కనపడింది, ఏం చేశావు, ఏమైంది, మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు, ఒక్కోదాని కింద ఇంతే రాయి. ఆ మూడిటిలో ఒకటి కుదరని పని అయితే ఇంకా మంచిది. నేను ఒక ఏడు 'ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళకి బహుమతి' అని బోర్డు పెట్టాను. పిల్లలు గడుసువాళ్ళు. పొద్దున పదహారు పేజీల పుస్తకాలు తీసుకెళ్ళి మధ్యాహ్నానికి తెచ్చిచ్చేవారు. లావు పుస్తకాలు ముట్టిన పాపాన పోలేదు. మరుసటేడు బహుమతి ఎత్తేసి, చదివినదాంట్లో నచ్చిన ఒక్క పేజీ అందరికీ చదివి వినిపించమన్నాను. ఇలాంటిది రాస్తే నీ పరువేం పోదు.

లెక్కల సంగతి. 'మా లైబ్రరీలో 4,200 పుస్తకాలున్నాయి' అని రాశావు. అది కొన్నవాళ్ళ గొప్ప. ఏడో తరగతివాళ్ళు జూలైలో ఎన్ని తీసుకెళ్ళారు, నవంబరులో ఎన్ని, అది నీ గొప్ప. ఈ-గ్రంథాలయ, కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంటే రిపోర్టు అదే ఇస్తుంది. లేకపోతే ఇష్యూ రిజిస్టర్ ముందేసుకుని లెక్కపెట్టు. ఒక ఆదివారం పోతుంది, పోనీ.

రిజిస్టర్ పేజీని మాత్రం ఫొటో తీసి పెట్టకు. ఏ పిల్ల ఏ పుస్తకం చదివిందో ఊరందరికీ ఎందుకు? పిల్లల మొహాలూ అంతే. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ గొడవంతా ఎందుకు, వెనకనుంచి తియ్యి, లేదా పుస్తకం పట్టుకున్న చేతులు తియ్యి. నిజానికి అవే బాగుంటాయి. కథల పుస్తకాలు స్కాన్ చేసి పీడీఎఫ్‌లు పెట్టావు చూడు, అవి ఇవాళే తీసెయ్యి. కాపీరైట్ ఉన్నవాటిని లైబ్రేరియనే అలా పెడితే ఇంకేం చెప్పాలి!

గూగుల్ సైట్స్ సరిపోతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. కానీ స్కూలువాళ్ళిచ్చిన మెయిల్‌తో చెయ్యకు, నీ సొంత మెయిల్‌తో చెయ్యి. నేను పనిచేసిన ఒక చోట బదిలీ అయిన నెలకి ఆ మెయిల్ తీసేశారు. మూడేళ్ళ ఫొటోలు, పిల్లల రాతలు అన్నీ దాంతోపాటే పోయాయి. వాళ్ళ పద్ధతి వాళ్ళది, జాగ్రత్తపడనిది నేను. అంతకుముందు అను ఫాంట్లలో, అంటే ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే సరిగ్గా కనపడే పాత తెలుగు అక్షరాల్లో, టైపు చేసుకున్నవైతే ఇప్పుడు ఏ ఫోన్‌లో తెరిచినా పిచ్చిగీతలే. నువ్వు ఏది రాసినా యూనికోడ్‌లోనే రాయి, అదైతే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడుతుంది.

దసరాకి వస్తావుగా, ల్యాప్‌టాప్ తెచ్చుకో, కలిసి కూర్చుందాం. ఈలోగా ఒక్క పని చెయ్యి. మీ అటెండర్ కొత్త చీటీలు అతికించేటప్పుడు పాతవి చింపి బుట్టలో వేస్తాడు, ఎక్కడైనా అంతే. చింపకముందే ఫొటో తీసి పెట్టుకో.

మీ పెద్దమ్మ