మా అత్తమ్మ 104

"మాది నల్లగొండ. కేబుల్ తీసేసి, నెట్ పెట్టించి ఓటీటీలకు మారుదామని అనుకుంటున్నాం. నెలకు ఎంత మిగులుతుంది? మారినవారు చెప్పండి" అని మీరు అడిగారు.

మారినదాన్ని, మళ్లీ వెనక్కి వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మాదీ నల్లగొండే, పానగల్లు వైపు ఉంటాం. మీ ఇంట్లో అరవై దాటినవారు ఒక్కరున్నా కేబుల్ తీయకండి. డబ్బు లెక్క తర్వాత చూద్దాం.

రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో మా ఇంట్లో కేబుల్ తీయించింది నేనే. అప్పుడే స్మార్ట్ టీవీ కొన్నాం. పిల్లలు ఛానళ్లు చూడటం ఎప్పుడో మానేశారు. మా ఆయన మిర్యాలగూడ మిల్లు నుంచి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది, ఆ తర్వాత ఏం చూసినా ఫోనులోనే. ఇక మిగిలింది మా అత్తమ్మ. ఆమె సీరియళ్లన్నీ యాప్‌లలో వస్తాయి కదా, కరెంటు పోయి ఒక భాగం తప్పిపోయినా మళ్లీ చూసుకోవచ్చు కదా అనుకున్నాను. కేబుల్ అబ్బాయి వచ్చి సెట్‌టాప్ పెట్టె విప్పుకుని పోతుంటే అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాను.

అత్తమ్మకు చదువు రాదు. అంకెలు మాత్రం బాగా వచ్చు. కనగల్లు దగ్గర బత్తాయి తోట ఉన్న రోజుల్లో తూకం చీటీలు చూసి చూసి నేర్చుకున్న అంకెలవి. వ్యాపారి చీటీలో ఒక్క సున్నా తేడా వచ్చినా పట్టుకునేదని మా మామయ్య చెప్పేవాడు. ఆ అంకెలతోనే టీవీని తన చేతిలో పెట్టుకుంది. మా పెట్టెలో 104 నొక్కితే ఆమె సీరియల్, 121 నొక్కితే పూజలు, ప్రవచనాలు, 130 నొక్కితే వార్తలు. ఏ ఛానల్ పేరేమిటో ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. పక్కింటి పిల్ల కూడా "నూటనాలుగులో నిన్న ఏమైంది పెద్దమ్మా?" అనే అడిగేది.

జూన్‌లో బడులు తెరిచిన వారం. మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టుకుని నేను ఆలస్యంగా బయలుదేరాను. పిల్లలు ట్యూషన్‌లో ఉన్నారు. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది, పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. కేబుల్ ఉన్నప్పుడైతే కరెంటు రాగానే చూస్తున్న ఛానలే తిరిగి వచ్చేది. ఈ టీవీ అలా కాదు. తెర నిండా సినిమా బొమ్మలు వరుసలుగా వచ్చి నిలబడతాయి. అక్షరాలు చదవగలిగితేనే ఏది దేనికో తెలుస్తుంది. కొత్త రిమోట్‌లో అంకెలు లేవు. మధ్యలో గుండ్రటి మీట ఒకటి, కింద కంపెనీల గుర్తులతో నాలుగు.

నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఇంట్లో ఒక్క లైటూ వెలగడం లేదు. టీవీ వెలుగులో అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది, రిమోట్ ఒళ్లో పెట్టుకుని. తెర మీద మంచుకొండలు. అవి మెల్లగా మాయమై ఒక చెరువు వచ్చింది, చెరువు పోయి ఇసుక తిన్నెలు వచ్చాయి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే టీవీ తనంతట తాను వేసుకునే బొమ్మలు అవి.

"ఏం చూస్తున్నావు అత్తమ్మా?" అన్నాను.

"ఆరు గంటల నుంచి ఈ కొండలే వస్తున్నాయి బిడ్డా. ఇవి అయిపోతే సీరియల్ వేస్తారేమో అని చూస్తున్నాను" అంది. మళ్లీ తనే, "ఏదన్నా నొక్కితే చెడిపోతుందేమో అని ముట్టుకోలేదు. అంత డబ్బు పోసి కొన్నారు" అంది.

రెండున్నర గంటలు! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆమె చేతిలో ఉన్న అంకెలను నేనే లాక్కున్నానని అప్పుడు తెలిసింది.

మైకు మీట నొక్కి మాట్లాడితే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. నేనూ అదే నేర్పాను. అత్తమ్మ రిమోట్‌ను నోటి దగ్గర పెట్టుకుని, మనిషితో మాట్లాడినట్టు, "మొన్న కోడలు అలిగి పుట్టింటికి పోయింది చూడు, ఆ తర్వాతది పెట్టు" అని చెప్పింది. టీవీ ఏదో పాత సినిమా పాట తెచ్చి పెట్టింది. సీరియల్ పేరు చెప్పాలట. మా ఇళ్లలో సీరియల్‌కు పేరెక్కడిది? అందులో మనుషుల పేర్లే దాని పేరు. ఈ యాప్‌లు తయారు చేసినవారెవరూ చదువురాని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క రోజు కూడా చూడలేదు, ఇది నేను కచ్చితంగా చెప్పగలను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64 శాతం, మా పుట్టిల్లు కల్వకుర్తి ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో అయితే 55 శాతమే. మిగిలినవారంతా టీవీ చూడటం మానేయాలా? వారికి తెలిసిన లిపి అంకె ఒక్కటే, దాన్ని కూడా రిమోట్ నుంచి తీసేశారు.

ఇక యాప్‌ల సంగతి. కేబుల్‌లో నాలుగు పెద్ద తెలుగు ఛానళ్లు పక్కపక్కనే ఉండేవి. ఇక్కడ స్టార్ మా కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగు కావాలంటే జీ5, జెమిని కావాలంటే సన్ నెక్స్ట్, ఈటీవీ కావాలంటే ఈటీవీ విన్. ఒక్కోదానికి ఒక్కో ఖాతా, ఒక్కో చందా, ఒక్కో పాస్‌వర్డ్. ఓటీపీ ఏమో మా ఆయన ఫోనుకు వస్తుంది. మిల్లులో మర మోత మధ్య ఆయన ఫోను ఎత్తేలోపు గడువు తీరిపోతుంది. ఒక యాప్‌కు మరుసటి ఏడాది చందా డబ్బు మాకు తెలియకుండానే మళ్లీ కట్ అయింది. మొదటిసారి కట్టినప్పుడే ఎక్కడో గడిలో టిక్కు పెట్టి ఉందట. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం. డబ్బు తీసుకునేటప్పుడు ముందు రోజు ఫోను చేసి అడగడానికి వారికి నోరు లేదా? మా కేబుల్ అబ్బాయి నెలనెలా గుమ్మం ముందు నిలబడి అడిగి తీసుకునేవాడు. మజ్జిగ తాగి, టీవీ వెనక వైరు ఊడి ఉంటే పెట్టి వెళ్లేవాడు.

అలాగని కేబుల్‌వారిని వెనకేసుకురావడం లేదు. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చినప్పుడు వంద ఛానళ్లకు 130 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే 153 రూపాయల 40 పైసలు, ఆపైన మనకు కావలసిన ఛానళ్లను మనమే ఎంచుకోవచ్చన్నారు. నేను రాత్రి కూర్చుని కాగితం మీద జాబితా రాసి ఇచ్చాను. మా ఊరి ఆపరేటర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తన ప్యాకేజీయే ఇచ్చాడు. ఏ భాషో తెలియని ఛానళ్లు ఇరవై ఉన్నాయి అందులో. డిష్‌దీ ఒక బాధే. కల్వకుర్తిలో మా అమ్మ ఇంటి మీద డిష్‌ను కోతులు ఊపి ఊపి పక్కకు తిప్పేస్తాయి, వాన ముదిరితే సిగ్నల్ పోతుంది.

నెట్ మాత్రం వానకు పోదు అంటారు. మా వీధిలో పైపు కోసం జేసీబీ తవ్వితే ఫైబర్ తెగి మూడు రోజులు పోయింది. ఆ మూడు రోజులు ఫోను డేటాతో టీవీ నడిపాను. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా లాగుతుంది, నా ప్లాన్‌లో రోజుకు ఉన్నదే 1.5 జీబీ. సీరియల్ సగంలో చక్రం తిరగడం మొదలవుతుంది, అత్తమ్మ నా ముఖం చూస్తుంది.

నెల తిరగకుండా కేబుల్ అబ్బాయిని మళ్లీ పిలిచాను. అటక మీద పెట్టిన పాత టీవీని అత్తమ్మ గదిలో బిగించి పెట్టె పెట్టించాను. నంబర్లు మారలేదు కదా అని ముందే అడిగాను, అదే 104 అన్నాడు. హాల్లో టీవీకి నెట్ ఉంచాం, పిల్లల కోసం ఒకే ఒక్క యాప్ కడుతున్నాం, మిగిలినవి తీసేశాం. తెలుగు వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో ఉచితంగానే వస్తాయి. దూరదర్శన్ యాదగిరి చాలనుకునేవారికి డీడీ ఫ్రీ డిష్ ఉంది, డిష్, పెట్టె కొనుక్కుంటే నెల చందా లేదు. నెట్ ఉన్నవారికి ప్రసార భారతి 2024లో తెచ్చిన వేవ్స్ యాప్‌లోనూ దూరదర్శన్ ఛానళ్లు వస్తాయి.

మీరు అడిగింది ఎంత మిగులుతుందని. మాకు ఏమీ మిగల్లేదు, రెండు బిల్లులూ కడుతున్నాం. మీ ఇంటి లెక్క వేరే కావచ్చు. సాయంత్రం ఆరు గంటలకు మీ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో, వారు ఏయే నంబర్లు నొక్కుతారో రాయండి. వాటికి ఎన్ని యాప్‌లు కావాలో, ఎంత అవుతుందో కూర్చుని లెక్క వేసి చెబుతాను.