అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఆ బ్యాండ్లు, గంటలు, బూరలు ఎందుకు? ఆటగాళ్ళకి ఇబ్బంది కాదా?

ఆటగాళ్ళ సంగతి వదిలెయ్యండి. వాళ్ళకి కోచ్‌లున్నారు, రూల్సున్నాయి, నెత్తిన హెల్మెట్లున్నాయి. ఇబ్బందల్లా బ్యాండ్ పిల్లలకే. ఊరికే అనడం లేదు, మేముండేది డాలస్ పక్కన, మా అమ్మాయి నాలుగేళ్ళు మార్చింగ్ బ్యాండ్‌లో మెలోఫోన్ (ఒకరకం ఇత్తడి బూర) వాయించింది. ఆ నాలుగేళ్ళూ ఆగస్టు చివర మొదలుకొని నవంబరు దాకా శుక్రవారం సాయంత్రం ఎవరు భోజనానికి పిలిచినా మేం వెళ్ళింది లేదు.

ముందు మీరడిగిందానికి జవాబు చెప్పేస్తాను. టెక్సస్‌లో హైస్కూల్ ఆటలు కూడా చాలావరకు కాలేజీ రూల్స్ మీదే నడుస్తాయి. జట్టుకి సిగ్నల్స్ వినపడనంత చప్పుడు బ్యాండ్ వాళ్ళు చెయ్యకూడదని అందులో రాసే ఉంది. అందుకే బంతి కదిలే లోపు బ్యాండ్ ఆగిపోతుంది. అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు డ్రమ్ముల వాళ్ళు ఆఖరి క్షణం దాకా లాగుతారనుకోండి, కుర్రాళ్ళు కదా. అసలు గోలంతా జనానిది. ఆవుల మెడలో కట్టే గంటలు, ఎయిర్ హార్న్‌లు, ఖాళీ పాల డబ్బాల్లో చిల్లర నాణేలు, ఇవి చాలవన్నట్టు అల్యూమినియం బెంచీల మీద కాళ్ళతో దడదడ. గంటల పిచ్చికి పెట్టింది పేరు మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ. వాళ్ళ కాన్ఫరెన్స్, అంటే వాళ్ళు ఆడే కాలేజీల లీగ్, 1974లో ఇలాంటి వాటిని నిషేధించినా జనం దాచుకుని తెచ్చుకుంటూనే ఉన్నారు, చివరికి 2010లో ఫలానా సమయాల్లోనే మోగించాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు. టీవీలో అది చూసీ చూసీ మావాళ్ళకీ అంటుకుందని నా అనుమానం.

ఇప్పుడు నా తప్పు నేనే చెప్పుకుంటాను. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా మా నాన్నగారు నరసరావుపేట నుంచి వచ్చారు. మ్యాచ్‌కి తీసుకెళ్తే ఆట వైపు చూడనే లేదు, స్టాండ్స్‌లో రెండు వందల పైచిలుకు పిల్లలు యూనిఫాంలో కూర్చుని ఉంటే వాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "ఏరా, మన పెళ్ళిలో పన్నెండు మంది మేళానికే బేరమాడాం, ఇంతమందికి డబ్బులెవరిస్తార్రా?" అన్నారు. మనమే ఇస్తాం నాన్నా అన్నాను. నిజం, బ్యాండ్ ఫీజు, బూట్లు, చేతి తొడుగులు, బస్సు, మళ్ళీ వాళ్ళకి తిండి పెట్టడానికి మనమే వాలంటీర్లం. ఫుట్‌బాల్‌కి మాత్రం డబ్బు ఎక్కడినుంచో వస్తుంది. పక్క ఊరు అలెన్‌లో 2012లో దాదాపు ఆరు కోట్ల డాలర్లు పెట్టి 18,000 సీట్ల స్టేడియం కట్టారు, హైస్కూలుకి! సరే, అది మొదలెడితే ఇప్పట్లో తెమలదు.

గేటు దగ్గర బల్ల వేసుకుని బ్యాండ్ పేరెంట్సే గంటలు అమ్ముతున్నారు, విరాళం కింద. పది డాలర్లిచ్చి ఒకటి కొన్నాను.

హాఫ్‌టైమ్ వచ్చింది, అంటే ఆట మధ్య విరామం. అప్పుడు బ్యాండ్ మైదానంలోకి దిగి నడుస్తూ వాయిస్తుంది. ఆ ఎనిమిది నిమిషాల షో కోసం పిల్లలు ఆగస్టు ఎండలో, తారు పార్కింగ్ లాట్‌లో, గీతలు గీసుకుని నడిచారు. అయిదు గజాలకి ఎనిమిది అడుగులు, అంటే అడుగుకి 22.5 అంగుళాలు, అటూ ఇటూ అయితే వరస మొత్తం వంకర. మెల్లగా సాగే పాట మధ్యలో అందరూ ఒక్కసారి ఆగిపోయారు, మా అమ్మాయి ఒక్కతే ముందుకొచ్చి మైకు దగ్గర నిలబడింది. సోలో ఉందని ఇంట్లో చెప్పనే లేదు. నాకు ఒళ్ళు తెలియలేదు, లేచి గంట ఎడాపెడా ఊపేశాను. నన్ను చూసి రెండు వరసల కింద ఎవరో ఎయిర్ హార్న్ కొట్టాడు. దాంతో మా వైపు స్టాండ్స్ అంతా అందుకుంది.

మీకు తెలియాల్సింది ఇదే. మైదానం వెడల్పు 160 అడుగులు. వెనక గీత దగ్గర కొట్టిన డ్రమ్ము దెబ్బ ముందు గీతకి చేరేసరికి సెకనులో దాదాపు ఏడో వంతు గడిచిపోతుంది, బాగా వేగంగా సాగే పాటలో అది దాదాపు సగం తాళం తేడా. అందుకే ఎవరు చెవిని నమ్మాలో, ఎవరు డ్రమ్ మేజర్ (ముందు నిలబడి చేతులతో తాళం చూపించే విద్యార్థి) చేతుల్ని నమ్మాలో పిల్లలకి నెలల తరబడి నేర్పుతారు. సోలోలో మా అమ్మాయి ఎత్తుకోవాల్సింది తన వెనక వాయించే మరింబాని (కర్ర పలకల మీద కొట్టి వాయించే వాద్యం) విని. అది వినపడనివ్వకుండా చేసింది నేను. ఒక తాళం ఆలస్యంగా ఎత్తుకుంది. మిగతా జనానికి తెలియకపోవచ్చు, వాళ్ళలో సగం మంది నాచోస్ (చీజు పోసిన చిప్స్) కొనే లైన్లో ఉన్నారు. తనకి తెలుసు, వాళ్ళ డైరెక్టర్‌కి తెలుసు.

కారులో వెనక సీట్లో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ గంట ఎవరో తెలుసా నాన్నా?" అంది. నేను సిగ్నల్ వైపు చూస్తున్నాను. మా నాన్నగారు మాత్రం ఎంతో గర్వంగా, "మీ నాన్నేనమ్మా, పది డాలర్లు పెట్టి కొన్నాడు" అన్నారు. సోమవారం దాకా నాతో మాట్లాడలేదు ఆ పిల్ల.

కాబట్టి నన్నడిగితే బ్యాండ్ ఉండాల్సిందే, బ్యాండ్ లేని ఫుట్‌బాల్ నేను చూడను, నిజానికి ఉన్నా బంతి ఎక్కడుందో నాకు కనిపించదు. తీసెయ్యాల్సింది గంటల్ని. టచ్‌డౌన్ చేసి పాయింట్లు తెచ్చుకున్నప్పుడు మోగించుకోండి, హాఫ్‌టైమ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పాట మధ్యలో అనౌన్సర్ మైకులో లాటరీ టికెట్ల గురించి చెప్పడం కూడా ఎవరైనా ఆపిస్తే బాగుండు.

మీరు ఎప్పుడైనా వెళ్తే హోమ్ సైడ్‌లో, 50 గజాల గీత దగ్గర, వీలైనంత పై వరసలో కూర్చోండి, షో మామూలుగా అటు తిరిగే చేస్తారు, పిల్లలు నడుస్తూ వేసే ఆకారాలన్నీ పై నుంచే కనిపిస్తాయి. నాచోస్ రెండో క్వార్టర్‌లోనే, అంటే హాఫ్‌టైమ్‌కి ముందే, తెచ్చేసుకోండి. మూడో క్వార్టర్ బ్యాండ్‌కి విరామం, ఆకలిగా ఉన్న పిల్లలందరూ ఆ లైన్లోనే ఉంటారు.