పాత ట్యూబ్‌లైట్ పట్టీలో ఎల్‌ఈడీ వేసే ముందు, స్విచ్ ఏ వైరును తెంపుతోందో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో ఆరు పాత నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, పట్టీలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, వాటిలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ వేసుకోవచ్చా, లేక మొత్తం పీకేసి కొత్తవి బిగించాలా, ఈ పని మనమే చేసుకోవచ్చా అని. తెనాలిలో మా అమ్మానాన్నల ఇంట్లో నేను రెండు రకాలుగానూ చేశాను, రెండింట్లోనూ తప్పులు చేశాను. ఇప్పుడు నన్నడిగితే రోజూ వాడే గదుల్లో పట్టీతో సహా తీసేసి ఎల్‌ఈడీ బ్యాటెన్ (లైటూ పట్టీ ఒకే ముక్కగా వచ్చేది) పెట్టుకోమనే చెబుతాను. అంతకన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది.

మా ఇల్లు తొంభైల్లో కట్టింది. ముందు హాల్లో లైటు మార్చాను. స్విచ్ ఆపి, స్టూలెక్కి, ట్యూబ్ తీసి, పట్టీ మూత ఊడదీస్తే లోపల దుమ్ము, బల్లి గుడ్లు రెండు, ఎండిపోయిన బల్లి ఒకటి. చోక్ పక్కనున్న వైర్లు ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి, చేత్తో వంచితే పైతొడుగు పొరలు పొరలుగా రాలింది. ఈ వైర్లతో కొత్త ట్యూబ్ పెట్టడమెందుకని పట్టీ మొత్తం దించేశాను. గోడలోంచి వచ్చే రెండు వైర్లకి 20 వాట్ల బ్యాటెన్ కలిపి బిగించాను. అరగంట పని. చాలా గర్వంగా అనిపించింది.

ఆ రాత్రి ఒంటిగంటప్పుడు అమ్మ లేపింది. "ఒరేయ్, లైటు తీసేసినా వెలుగుతోందిరా" అంది. వెళ్లి చూస్తే నిజమే. స్విచ్ ఆపే ఉంది, బ్యాటెన్ మాత్రం మిణుగురులా సన్నగా మెరుస్తోంది. కొత్తది పాడైన సరుకేమోనని మర్నాడు షాపుకి పట్టుకెళ్తే ఆయన దాన్ని వెలిగించి చూపించి, "లైటు బాగానే ఉంది, మీ స్విచ్‌లో ఏది తెగుతోందో చూసుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చి స్విచ్ ఆపి, పైన వైర్లకి టెస్టర్ పెడితే వెలిగింది. అంటే ఆ గదికి వైరింగ్ చేసినాయన స్విచ్‌ని ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) కాక న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిపాడు. స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది కానీ ఫేజ్ ఎప్పుడూ పైదాకా వచ్చి నిలబడే ఉంటుంది. ఆ ఫేజ్ నుంచి గోడలోకి, చుట్టుపక్కల వైర్లలోకి కొద్దికొద్దిగా కారే కరెంటు చాలు, ఎల్‌ఈడీ మసగ్గా వెలగడానికి. పాత ట్యూబ్ అంత చిన్న కరెంటుకి రాజదు కాబట్టి ఇన్నేళ్లూ ఆ తప్పు బయటపడలేదు. ముందురోజు నేను స్టూలెక్కి బేఫికర్‌గా పట్టుకున్న వైర్లలో ఒకదాంట్లో కరెంటు ఉందన్నమాట! చేతికి తగల్లేదంటే అది అదృష్టమే.

అందుకే మీరు మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపండి. గదిలో స్విచ్ ఆపితే చాలదు. ట్యూబ్, స్టార్టర్ తీసేసి, పట్టీలోకి వచ్చే వైర్లు దేనికీ తగలకుండా విడదీసి పెట్టండి. మెయిన్ మళ్లీ వేసి, ఆ గది స్విచ్ ఆఫ్‌లో ఉంచి, రెండు వైర్లకీ టెస్టర్ పెట్టండి. ఒకదానికైనా టెస్టర్ గట్టిగా వెలిగితే స్విచ్ తప్పు వైరును తెంపుతోందన్నమాట. చూడటం అవగానే, వైర్లు చేత్తో పట్టుకునే ముందు మెయిన్ మళ్లీ ఆపండి. తప్పుంటే ఆ కనెక్షన్‌ని స్విచ్ బోర్డు దగ్గర మార్చాలి. ఆ పని మాత్రం నేనూ ఎలక్ట్రీషియన్‌కే ఇచ్చాను. మా ఇంట్లో ఆరు లైట్లలో రెండింటికి అలా ఉంది. వైరింగ్ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి సన్నటి మెరుపు వస్తుంది. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాంట్లోంచి వచ్చే కరెంటు వల్ల. అది ప్రమాదమేమీ కాదు.

ఇక పట్టీ ఉంచి ట్యూబ్ ఒక్కటే మార్చడం. నాన్న పడగ్గదిలో అదే చేశాను. షాపులో ఎల్‌ఈడీ ట్యూబ్ అంటే ఒకటే రకం అనుకోకండి. కొన్నింటికి ఒక చివర ఫేజ్, రెండో చివర న్యూట్రల్ ఇవ్వాలి. కొన్నింటికి రెండూ ఒకే చివర ఇవ్వాలి, అవతలి చివర ట్యూబ్ నిలబడటానికే. ఈ రెండో రకంలో చాలావాటికి అవతలి చివర రెండు పిన్నులూ లోపల కలిసిపోయి ఉంటాయి. రాగి చోక్ అలాగే ఉంచి, పాత స్టార్టర్ తీసి, ట్యూబ్‌తో పాటు ఇచ్చే డమ్మీ స్టార్టర్ పెట్టుకోవడానికి ఆ ఏర్పాటు.

నేను చోక్ ఎందుకు అనవసరంగా అని తీసేసి, ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే హోల్డర్‌కి ఇచ్చాను. బాగానే వెలిగింది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు నాన్న ట్యూబ్ తీసి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ పెట్టారు. తిరగేసి పెట్టారు. స్విచ్ వేయగానే ఢామ్మంది, ఫ్యూజ్ ఎగిరిపోయింది. కలిసిపోయి ఉన్న రెండు పిన్నులూ నేరుగా ఫేజ్, న్యూట్రల్ మధ్యకి వచ్చాయి మరి. ట్యూబ్ మీద ఏ చివర కరెంటు ఇవ్వాలో చిన్న స్టిక్కర్ ఉంది, అది నాన్న కంటికి ఆనేది కాదు. తప్పు ఆయనది కాదు, నాది. మీరూ ఈ పద్ధతిలోనే పోతే పట్టీ మీద, ట్యూబ్ మీద ఒకే వైపు మార్కర్‌తో పెద్ద గీత పెట్టండి. రెండు చివర్ల రకమైతే ఎటు పెట్టినా వెలుగుతుంది కానీ ఒక చివర హోల్డర్‌లో దిగాక రెండో చివర పిన్నులు ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. అందుకే అక్కడా మెయిన్ ఆపాల్సిందే. డబ్బా మీద వైరింగ్ బొమ్మ ఉంటుంది, దాన్ని చూడకుండా ఏదీ కలపకండి.

డబ్బు లెక్క చూద్దాం. 36 వాట్ల ట్యూబ్‌కి రాగి చోక్ తినేది కలిపితే దగ్గర దగ్గర 50 వాట్లు. బ్యాటెన్ 20. రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి నాలుగున్నర యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 27 రూపాయలు. మూడొందల బ్యాటెన్ ఏడాదిలో తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. మీకున్నవి ఎలక్ట్రానిక్ చోక్‌లైతే (చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి) మిగిలేది దాదాపు సగమే. మా స్టోర్‌రూమ్‌లో పాతదే ఉంచాం. నెలకోసారి వేస్తాం, నాలుగుసార్లు కన్నుగీటి వెలుగుతుంది.

నిజానికి అమ్మకి నచ్చింది బిల్లు తగ్గడం కాదు. సాయంత్రం ఓల్టేజీ పడిపోయినప్పుడు పాత ట్యూబ్ రెండు చివర్లా ఎర్రబడి కొట్టుకునేది. అమ్మ చీపురుపుల్లతో స్టార్టర్‌ని కదిపి, ట్యూబ్ కొంచెం తిప్పి, ఎలాగో వెలిగించుకునేది. ఇప్పుడు స్విచ్ వేస్తే చాలు, వంటింట్లో వెలుగు.

వెలుతురు విషయంలో ఒక చిన్న ఇబ్బంది. పాత ట్యూబ్ చుట్టూ వెలుగిచ్చేది, బ్యాటెన్ ముందుకే కొడుతుంది. గోడ పైభాగం, కప్పు కాస్త చీకటిగా అనిపిస్తాయి. ఎదురుగా కూర్చుంటే కళ్లకి గుచ్చుకుంటుంది కూడా. మంచానికి ఎదురు గోడ మీద పెట్టకండి. బాగా తెల్లటిది 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది. పడగ్గదికి 4000ది నాకు హాయిగా అనిపించింది. కొన్నప్పుడు బిల్లు దాచుకోండి, రెండేళ్ల గ్యారంటీ ఉన్నది తీసుకోండి. బ్యాటెన్‌లో డ్రైవర్ (ఎల్‌ఈడీలకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే లోపలి సర్క్యూట్) పోతే చాలామటుకు మొత్తం పారేయాల్సిందే, చోక్‌లాగా ఒక్క ముక్క మార్చేది ఉండదు.

దించిన పాత ట్యూబుల్ని మాత్రం చెత్తబుట్టలో విరిచి పడేయకండి. లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది, 2016 నుంచి ఇవి ఇ-వేస్ట్ నిబంధనల కిందికి వచ్చాయి. పొరపాటున పగిలితే కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, చీపురుతో ఊడ్చకుండా అట్టముక్కతో ఎత్తి, పొడిని తడి కాగితంతో తుడిచి, అన్నీ ఒక డబ్బాలో వేసి మూతపెట్టండి. మేము ఐదింటినీ కొత్త బ్యాటెన్ల అట్టపెట్టెల్లో చుట్టి, పొడి చెత్తలో కలపకుండా మున్సిపాలిటీ బండి అబ్బాయికి చెప్పి విడిగా ఇచ్చాం. చోక్‌లు ఇవ్వలేదు. వాటిలో రాగి ఉందని నాన్న దాచారు, పాత ఇనపసామాన్లవాడు ఎంతిస్తానన్నా ఆయనకి ఇంకా గిట్టుబాటు కాలేదు.