అరకుకి బస్సా, రైలా? మేనకోడలికి అత్తయ్య ఉత్తరం

బంగారు తల్లికి,

హైదరాబాద్ నల్లకుంట నుంచి అత్తయ్య ఆశీస్సులు. నవంబరులో మీ అమ్మానాన్నల్ని, అంటే మా అన్నయ్యని, వదినని, బాబుని తీసుకుని అరకు వెళ్దామనుకుంటున్నామని, బస్సు మంచిదా రైలు మంచిదా అని అడిగావు కదా. ఇలాంటివి ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయి. అందుకే రాస్తున్నాను. అల్లుడిగారికి కూడా చూపించు, టికెట్లు తీసేది ఆయనే కాబట్టి.

బస్సా రైలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకు తల్లీ. దారిలో ఏ ముక్క చూడటానికి వెళ్తున్నారో ముందు అది తేల్చుకో. ఇక్కడి నుంచి అరకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు. అందులో కళ్లు విప్పార్చుకుని చూడాల్సింది శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలైన దగ్గర్నుంచి అరకు దాకా, ఓ అరవై డెబ్భై కిలోమీటర్లు. ఆ ముక్క పగటిపూట పడాలి. అప్పుడు మీకు కిటికీ దొరకాలి, ఒంట్లో ఓపిక మిగిలి ఉండాలి. మిగతా దారంతా నిద్రపోతూ వెళ్లినా నష్టం లేదు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. టికెట్ ఎక్కడ దొరికితే అక్కడ కొనేసి, అసలు చూడాల్సిన చోటికి వచ్చేసరికి చీకటి పడిపోయో, రాత్రి నిద్రలేక తలనొప్పి వచ్చో కళ్లు మూసుకుంటారు. అంత ఖర్చు పెట్టి వెళ్లినవాళ్లు అలా తిరిగొస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడి నుంచి విశాఖపట్నం దాకా మాత్రం బస్సు మాట ఎత్తకు. మియాపూర్‌లో మీ ఇంటి దగ్గరే ఏసీ స్లీపర్ బస్సు ఎక్కొచ్చన్నది నిజమే, అదొక్కటే దాని సుఖం. రాత్రంతా తెర వేసుకుని పడుకోవాలి, అన్నయ్యకి అర్ధరాత్రి రెండుసార్లు లేవాలంటే బస్సు ఆపేదాకా ఆగాలి. షుగరున్న మనిషికి అది న్యాయం కాదు. నాంపల్లిలో సాయంత్రం ఎక్కే గోదావరి ఎక్స్‌ప్రెస్ తీసుకోండి. అన్నయ్యకి, వదినకి కింది బెర్తులు. తెల్లవారేసరికి విశాఖ.

ఇక్కడ ఒక జాగ్రత్త. అరకు వెళ్లే కిరండూల్ పాసింజర్ విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. గోదావరి దిగి అదే పొద్దున దాన్ని అందుకోవచ్చని కాగితం మీద లెక్క కుదురుతుంది. కుదిరింది కదా అని నమ్మకు. గోదావరి గంట లేటయిందంటే అంతా పోయినట్టే. అందుకోగలిగినా, స్నానం లేక, టిఫిను లేక, పిల్లవాడు ఏడుస్తూ ఆ కొండ ఎక్కడం ఎందుకు? ఆ రోజు విశాఖలో ఉండండి. సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లండి, బాబు ఇసుకలో ఆడుకుంటాడు. రాత్రి త్వరగా పడుకుని మర్నాడు పొద్దున రైలెక్కండి. సెలవు ఒకరోజు ఎక్కువ పెట్టలేనంటే, సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటి వందే భారత్ ఎక్కి, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో దిగి, స్టేషన్ దగ్గరే గది తీసుకోవాలి. వదినకి నిద్ర చాలదు. నా ఓటు గోదావరికే.

ఇప్పుడు ఆ కొండ సంగతి. పైకి వెళ్లేటప్పుడు రైలే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ లైను మనలాంటి వాళ్లు చూడటానికి వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలడీల కొండల్లోని ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు తవ్వారు. ఖనిజం కోసం వేసిన దారి కాబట్టే ఊళ్లు లేని చోట్ల, రోడ్డు పోని చోట్ల లోయ అంచున వెళ్తుంది. బొడ్డవర దాటాక కొండ ఎక్కడం తెలుస్తుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. ఈ పేర్లు ఒక చీటీ మీద రాసి బాబుకి ఇవ్వు. స్టేషన్ వచ్చినప్పుడల్లా వాడే చదివి టిక్ పెట్టుకుంటాడు. శిమిలిగుడ బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, 996 మీటర్ల చిల్లర. దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే అన్నిటికన్నా ఎత్తు అని చాలాకాలం చెప్పుకునేవారు. పొద్దున సముద్రం ఒడ్డున ఎక్కినవాళ్లం మధ్యాహ్నం కాకుండానే అంత ఎత్తుకి చేరామని వాడికి చెప్పు. కళ్లు పెద్దవి చేసుకుని వింటాడు.

రైలు గొప్పతనం ఏమిటంటే అది నెమ్మది. వంపు తిరిగినప్పుడు నీ రైలు ఇంజను నీకే కనిపిస్తుంది. సొరంగంలోకి వెళ్లగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి కేకలు పెడతారు, బయటికి రాగానే అటు లోయ, ఇటు కొండ. కాసేపటికి అవి చోటు మారతాయి. అందుకే ఏ పక్క కూర్చోవాలని మరీ టెన్షన్ పడకు, ఎదురెదురుగా రెండు కిటికీలూ మీవాళ్లకి దొరికితే మార్చుకుంటూ కూర్చోవచ్చు. ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పినట్టు రైల్లో తిప్పదు. అన్నయ్యకి బాత్‌రూమ్ ఉంటుంది, మోకాళ్లు పట్టేస్తే లేచి నాలుగు అడుగులు వెయ్యొచ్చు.

అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017 నుంచి ఈ దారిలో నడుపుతున్నారు. కప్పు కూడా అద్దమే, సీట్లు కిటికీ వైపు తిరుగుతాయి. టికెట్ ధర ఎక్కువే. అయినా అన్నయ్యకి, వదినకి ఆ పెట్టెలోనే తియ్యి. మీ ముగ్గురికీ దొరక్కపోతే మామూలు పెట్టెలో కూర్చోండి, తక్కువేం కాదు. నన్నడిగితే తెరిచిన కిటికీలోంచి వచ్చే ఆ తడి ఆకుల వాసన, చల్లగాలి అద్దాల పెట్టెలో దొరకవు. ఒక్కటే మాట, బాబుని తలుపు దగ్గరికి పోనివ్వద్దు. ఫోటో కోసం అల్లుడుగారు కూడా పోవద్దు. సొరంగం గోడ చాలా దగ్గరగా వస్తుంది.

రైల్లో లోపాలు లేకపోలేదు. ఖనిజం గూడ్సు బళ్లు ఎదురొస్తే ఆగాలి, గంట ఆలస్యం అక్కడ మామూలు విషయం. నచ్చిన చోట దిగలేం. వానలు గట్టిగా పడితే రాళ్లు జారి రైళ్లు రద్దు చేస్తారు. నవంబరులోనూ తుపాను వచ్చే అవకాశం ఉంది కాబట్టి బయలుదేరే ముందు రోజు రైలు నడుస్తోందో లేదో చూసుకోవాలి. నడవకపోతే ద్వారకా బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, అరకు 115 కిలోమీటర్ల దూరం.

దిగేటప్పుడు మాత్రం రోడ్డు మీద రండి. తిరుగు రైలు అరకులో మధ్యాహ్నం తర్వాత ఉంటుంది. నవంబరులో అయిదున్నరకల్లా అక్కడ చీకటి, కాబట్టి కొండ దిగేలోపే వెలుగు తగ్గిపోతుంది. పొద్దున చూసిన దారినే సగం చీకట్లో మళ్లీ చూడటం దేనికి? రోడ్డు దారి వేరు. గాలికొండ దగ్గర ఆగి కింద పరుచుకున్న కొండల వరసలు చూడొచ్చు. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నవంబరంటే కాఫీ పళ్లు ఎర్రబడే కాలం. వలిసె పూలు కూడా ఆ నెలలోనే, పొలాలకి పొలాలు పసుపు. వదిన దిగి దగ్గరగా చూడాలంటుంది, నాకు తెలుసు.

అందుకే దిగడానికి ఆర్టీసీ బస్సు వద్దు, కారు మాట్లాడుకోండి. బస్సు కూడా ఆ రోడ్డు మీదే వస్తుంది కానీ గాలికొండ దగ్గర నీ కోసం ఆగదు. రైలుకంటే రోడ్డు మేలయ్యేది ఆగగలిగితేనే. ఆగని బండిలో కూర్చుంటే వంపులకి కడుపులో తిప్పడమే మిగులుతుంది. కారు మాట్లాడేటప్పుడే ఎక్కడెక్కడ ఆగాలో డ్రైవరుకి చెప్పి, రేటు అన్నీ కలిపి ఖాయం చేసుకోండి. ఉదయం టిఫినయ్యాక బయలుదేరితే చీకటి పడకముందే విశాఖ చేరతారు. బొర్రా గుహలు కూడా దారిలోంచి పక్కకి తిరిగితే వస్తాయి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. అన్నయ్య దిగుతానంటాడు, నువ్వు ఒప్పుకోకు. వదినతో పైన కూర్చోబెట్టి మీరు చూసి రండి.

బాబుకి కారులో తిప్పుతుందంటున్నావు. పొద్దున పాలు పట్టకు, ఒక ఇడ్లీ చాలు. ఫోనులో ఆటలు అసలు ఇవ్వకు, దూరంగా ఉన్న కొండని చూడమను. మాత్ర వెయ్యాలంటే వాడి డాక్టరుని అడిగి వెయ్యి.

విశాఖ నుంచి మన ఊరికి తిరుగు ప్రయాణం పగటిపూట పెట్టుకో. వెళ్లేటప్పుడు రాత్రి నిద్రలో దాటిన గోదావరి అప్పుడు కనిపిస్తుంది. పొద్దున్నే బయలుదేరే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది, మీకు ఇల్లు దగ్గర. అన్నవరం కొండ, రాజమండ్రి దగ్గర గోదావరి, బెజవాడలో కృష్ణ, గుంటూరు మీదుగా వచ్చి విష్ణుపురం దగ్గర మళ్లీ కృష్ణ. వందే భారత్ కూడా ఉదయమే, చాలా త్వరగా తెస్తుంది. కాని దాని అద్దాలు తెరుచుకోవు, వదినకి గోదావరిలో రూపాయి వెయ్యకుండా దాటడం మనసొప్పదు. అన్నయ్య అంతసేపు కూర్చోలేనంటే మటుకు వందే భారత్‌కే వెళ్లండి, రూపాయి సంగతి వదినకి నేను చెప్తాను.

ఇదంతా అరకు లెక్క. వేరే ఊరికి లెక్క వేరేగా తేలుతుంది. శ్రీశైలం తీసుకో, అక్కడికి రైలు లేదు. అయినా నల్లమల అడవి చూడటానికి ఎంజీబీఎస్ బస్‌స్టాండులో పొద్దున్నే ఎక్కే బస్సు చక్కగా సరిపోతుంది, ఎత్తు సీటు, పెద్ద కిటికీ. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు కాబట్టి అడవి ఎలాగూ పగలే పడుతుంది. దోమలపెంట దాటి దిగుతుంటే డ్యాము కనిపిస్తుంది. గేట్లెత్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లు, కార్తీకంలో జనం తాకిడి అన్నయ్య తట్టుకోలేడు. గోవా వెళ్లే ఆలోచనుంటే కూడా ఇదే చూసుకో. క్యాజిల్ రాక్, కులెం మధ్య దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచి రైలు వెళ్తుంది, అది ఏ వేళకి అక్కడికి చేరుతుందో టైం టేబుల్లో చూశాకే టికెట్ కొను.

ఇక పనులు. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు. మొదట విస్టాడోమ్ చూడు, అది దొరికిన తారీఖుని బట్టి మిగతా టికెట్లు తియ్యి. శని, ఆదివారాలు అరకులో ఉండకండి, కార్తీకమాసం పిక్నిక్ జనంతో గది ధరలు, కారు ధరలు రెట్టింపు అడుగుతారు. మంగళవారం ఎక్కి గురువారం దిగేలా చూసుకో. పైన రాత్రి బాగా చలి, అన్నయ్యకి మఫ్లరు, బాబుకి స్వెట్టరు పెట్టు. అన్నయ్య మాత్రలు పెద్ద సూట్‌కేసులో కాదు, నీ చేతి సంచిలో ఉండాలి. మంకీ క్యాప్ కొనక్కర్లేదు, నా దగ్గర రెండున్నాయి. ఆదివారం అల్లుడిగారిని పంపితే ఇచ్చేస్తాను, తారీఖులు కూడా ఆయనతో చెప్పి పంపు.

మీ అత్తయ్య